అమ్మకి చూపు పోయింది. వినడానికి "మనుషుల సంగతులు" కావాలట. ఎక్కడ వెతకాలి?

లంకపిల్ల:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

మా అమ్మకి 74 ఏళ్లు. కోనసీమ లంకల్లో ఏఎన్‌ఎమ్‌గా చేసి 2009లో రిటైరైంది. సబ్‌సెంటరుకి ఐదు వేల మంది జనాభా అని లెక్క గానీ, ఆవిడ ఐదు వేలలో సగం మంది ఏటికి అవతల ఉండేవారు. ఐసు పెట్టిన టీకాల డబ్బా భుజాన వేసుకుని పడవెక్కడం, దిగడం, మోకాటి లోతు బురదలో నడవడం, అదీ ఉద్యోగం. ఆవిడకి గ్లకోమా. నొప్పి లేదు, ఎరుపు లేదు. ఒక కన్ను పూర్తిగా పోయేదాకా మాకే కాదు, ఆవిడకీ తెలీలేదు. ఊరందరి కళ్లలోకీ టార్చిలైటు వేసి చూసిన మనిషి! ఇప్పుడు రెండో కంట్లో వెలుగూ నీడా తెలుస్తాయి, అంతవరకే.

రెండేళ్ల కిందట నిజాంపేటలో మా ఫ్లాటుకి తీసుకొచ్చాను. పొద్దున్న తొమ్మిదింటికి మేం ముగ్గురం తలో దిక్కూ పోతే సాయంత్రం ఆరున్నర దాకా ఇంట్లో ఆవిడా, ఫ్యానూ. టీవీ సీరియల్ పెడితే వినదు. "ఆ దబదబ చప్పుళ్లేంటే, ఎవరో ఒకళ్లు తలుపు చాటున నిలబడి వింటున్నట్టే ఉంటారు" అంటుంది. భక్తి చానల్ గంటసేపు. వార్తలు పెడితే పది నిమిషాల్లో "కట్టెయ్, అందరూ ఒక్కసారే అరుస్తున్నారు".

సరే కదాని ఫోన్లో "ఆరోగ్యం" అని వెతికి పెట్టాను. ఏం వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది. వంటింట్లో ఒక్క గింజతో షుగరు మాయం, మూడు రోజుల్లో మోకాళ్లు కొత్తవి. అమ్మ ఒక నిమిషం విని, "ఇలాంటివాళ్లు చెప్పింది జనం బుర్రలోంచి తియ్యడానికే నా సర్వీసంతా సరిపోయింది. నువ్వు ఇంట్లోకే తెచ్చావా?" అంది.

మరి నీకేం కావాలే అమ్మా అంటే "మనుషుల సంగతులు" అంది. అర్థం కాలేదు. కాస్త తవ్వితే ఒకటి చెప్పింది. సబ్‌సెంటరు బల్ల మీద తోలు తొడుగు వేసిన ట్రాన్సిస్టరు ఉండేది, సెల్లులు జారిపోకుండా రబ్బరుబ్యాండు వేసి. 1986 గోదారి వరద అయిన తర్వాత ఎప్పుడో దాంట్లో ఒక పడవ సరంగు మాట్లాడాడట, అరగంట. గెడ వేసినప్పుడు అడుగున ఇసకైతే ఒక చప్పుడు, ఒండ్రైతే ఇంకో చప్పుడు, చీకట్లో ఆ చప్పుడు పట్టుకునే పడవ నడిపానని చెప్పాడట. మధ్యలో ఎవరూ అడ్డు రాలేదట. దాదాపు నలభై ఏళ్లయినా ఆ గొంతు గుర్తుంది ఆవిడకి. "అలాంటిది పెట్టు" అంటుంది. ఎక్కణ్ణుంచి పెట్టను?

కాబట్టి నా ప్రశ్న: ఇలా మనుషులు తమ బతుకు, తమ పని, తమ జబ్బు, తమ ఊరు గురించి సొంత గొంతుతో చెప్పే రేడియో కార్యక్రమాలు గానీ డాక్యుమెంటరీలు గానీ తెలుగులో ఎక్కడున్నాయి? ఇంగ్లీషువైనా ఫర్వాలేదు, సెలవు రోజు పక్కన కూచుని నేను చెప్తాను. కానీ చెవితో వింటే కథ తెలియాలి. బొమ్మ చూస్తే తప్ప అర్థం కానివి వద్దు. ఇంకో సంగతి, అమ్మకి టచ్ ఫోన్ చేత కాదు. గాజు పలక మీద వేలు ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది ఆవిడకి?

స్పూల్‌టేపు:

లంకపిల్ల గారికి నమస్కారం. నేను ఆకాశవాణిలో ప్రోగ్రాం విభాగంలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. మీరు రాసింది చదివి మా ఆవిడకి కూడా వినిపించాను.

ముందుగా ఒకటి. మీరు వెతికే మాటే వేరు. మేం ఎప్పుడూ "డాక్యుమెంటరీ" అనలేదు. దాన్ని "రూపకం" అన్నాం, చప్పుళ్లతో కట్టినదాన్ని "శబ్దచిత్రం" అన్నాం. ఒక మనిషిని కూచోబెట్టి మాట్లాడిస్తే "పరిచయం", "ముఖాముఖి". ఒక్కరే మాట్లాడితే "ప్రసంగం". ఈ మాటలతో వెతికి చూడండి, గింజల వైద్యులు కాస్త వెనక్కి తగ్గుతారు.

మీ అమ్మగారు విన్న సరంగు మాట ఏదో రూపకంలోదే అయ్యుండాలి. అరగంట రూపకానికి ఐదారు గంటలు రికార్డు చేసుకొచ్చేవాళ్లం. తర్వాత స్టూడియోలో టేపుని బ్లేడుతో ఏటవాలుగా కోసి, అక్కర్లేని ముక్క తీసేసి, రెండు కొసలూ అతికించడం. నిలువుగా కోస్తే అతుకు దగ్గర టిక్కుమంటుంది, అందుకని ఏటవాలు. కోసిన ముక్కలు మెళ్లో దండలా వేలాడుతుండేవి, మళ్లీ కావాల్సొస్తే ఏది ఎక్కడిదో తెలియాలి కదా. నేను చేరిన కొత్తలో "ఊఁ", "మరేమో" లాంటివన్నీ శుభ్రంగా కోసేసి మా సీనియర్‌కి వినిపించాను. ఆయన విని "మనిషి ఊపిరి కూడా కోసేశావు, మళ్లీ అతికించు" అన్నారు. నేల మీద వెతుక్కుని అతికించాను. మీ అమ్మగారికి ఆ గొంతు ఇప్పటికీ గుర్తుందంటే ఎవరో ఊపిరి కోయకుండా వదిలారన్నమాట.

ఇక పనికొచ్చే మాట. "న్యూస్ ఆన్ ఎయిర్" అని ప్రసార భారతి యాప్ ఉంది, ఉచితం. విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాద్, కడప, తిరుపతి, వరంగల్, ఆదిలాబాద్, మన కేంద్రాలన్నీ హైదరాబాద్ ఫ్లాటులో కూచుని వినొచ్చు. అమ్మగారిది విజయవాడ చెవి అనుకుంటాను. ఆ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది, ఆవిడకంటే మూడేళ్లు పెద్ద. చిక్కల్లా ఏమిటంటే అక్కడ వచ్చేది వచ్చినప్పుడే వినాలి. ఏ రోజు ఏం వస్తుందో పూర్వం "వాణి" పత్రికలో అచ్చయ్యేది. ఇప్పుడైతే కేంద్రం డ్యూటీ రూముకి ఫోన్ చేసి "ఈ వారం రూపకం ఎప్పుడు, డాక్టరుతో ఫోన్-ఇన్ ఎప్పుడు" అని అడగండి. మొహమాటపడకండి. ఆ గదిలో కూచునేవాళ్లకి శ్రోత ఫోన్ చేయడం కంటే సంతోషం లేదు, నేను కూచున్నాను కాబట్టి చెప్తున్నాను.

ప్రసార భారతి ఆర్కైవ్స్ వారి యూట్యూబ్ చానల్ ఉంది. కచేరీలు, ప్రసంగాలు ఎక్కువ, మీకు కావలసినవి కాస్త గాలించి పట్టాలి. ఫిల్మ్స్ డివిజన్ పాత చిత్రాలు కూడా నెట్లో ఉన్నాయి. అదేనండీ, సినిమా హాల్లో అసలు బొమ్మకి ముందు వేసేవారు, మనం ఆ టైములో వేరుశెనక్కాయలు కొనుక్కునేవాళ్లం. అందులో "ఐ యామ్ 20" అని 1967లో ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి తీసింది తప్పకుండా వినిపించండి. స్వాతంత్ర్యం వచ్చిన 1947లో పుట్టి అప్పటికి ఇరవయ్యేళ్లు నిండిన పిల్లలు దేశం గురించీ తమ గురించీ మాట్లాడతారు. పద్దెనిమిది, ఇరవై నిమిషాలే. అమ్మగారిది ఇంచుమించు ఆ ఈడే.

నాని_గాజువాక:

ఇంత రాయాలా అక్కా? యూట్యూబ్‌లో హెల్త్ టిప్స్ అని కొట్టి ఆటోప్లే ఆన్ చేసెయ్. రోజంతా అదే తిరుగుద్ది.

లంకపిల్ల:

తిరుగుద్ది నానీ, దాంతోనే వచ్చింది తంటా. పోయిన నెల ఒకరోజు పొద్దున్న చేనేత మీద మంచి వీడియో పెట్టి ఆఫీసుకి పోయాను. సాయంత్రం వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, ఫోన్ కనపడలేదు. చేనేత అయ్యాక అది దానంతటదే దాటుకుంటూ దాటుకుంటూ కిడ్నీలో రాళ్లు కరిగించే ఆకు దగ్గరికి పోయిందట. ఆపడం తెలీక అమ్మ దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూతేసింది. డబ్బాలోంచి ఇంకా మాట్లాడుతూనే ఉంది నేను తీసేటప్పటికి.

నాని_గాజువాక:

హహ సరే అక్కా. సీరియస్‌గా చెప్తా. బటన్లున్న కారవాన్ రేడియో కొను. ఎఫ్ఎమ్ ఉంటది, వెనక పెన్‌డ్రైవ్ పెట్టుకోవచ్చు. నువ్వు డౌన్‌లోడ్ చేసినవి దాంట్లో ఎక్కించు, ఆటోప్లే గోల ఉండదు. ప్లే బటన్ మీద రాళ్ల బొట్టుబిళ్ల ఒకటి అంటించు, వేలికి తగుల్తాది. మా తాతకి అలాగే చేశాం. తాత బొట్టుబిళ్లేంట్రా అని ఒకరోజు అలిగాడు, తర్వాత అలవాటైపోయింది.

పచ్చజొన్న:

అక్కా, మాది జహీరాబాద్ దిక్కు. ఇప్పుడు పటాన్‌చెరు కాడ కంపెనీల చేస్తున్న. మీ అమ్మ అడిగేటిది మా ఊర్లల్ల పొద్దుగూకినంక వస్తుండె. సంఘం రేడియో, 90.4. రాత్రి 7 నుంచి 9 దాక. మా నాయినమ్మ బువ్వ తినుకుంట వింటుండె, మధ్యల ఎవలన్న మాట్లాడితే ముద్ద పళ్లెంల పెట్టి కోపానికొస్తుండె.

మాచ్‌నూర్‌ల ఉంటది ఆ స్టేషన్. నడిపేటోళ్లు దళిత ఆడోళ్లు, వ్యవసాయం చేసుకునేటోళ్లు. డీడీఎస్, అంటే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, దాని సంఘాలు ఉన్నయ్ గద, ఆళ్లదే. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అని ఇద్దరు నర్సమ్మలు మొదటిసంది దాన్ని నిలవెట్టిన్రు. ఏం వస్తదంటే, ఏ భూమికి ఏ ఇత్తనం పెట్టాలె, సామలు కొర్రలు ఎట్ల ఎండవెట్టాలె, బాలింతకు ఏం పెట్టాలె, బోనాల పాట, పీర్ల పండుగ ముచ్చట. ఓ దినం మంత్రసాని ముసలామె ముచ్చట, ఓ దినం మేకల కాపరి. అందరు మా భాషలనే మాట్లాడుతరు. పేపర్ భాష ఒక్క మాట రాదు. మీ అమ్మకు మా యాస కొంచెం కొత్త కావచ్చు గని రెండు దినాలల్ల అలవాటైతది.

దాని ఎనక కత పెద్దది. స్టూడియో కట్టుకున్నరు, మిషన్లు తెచ్చుకున్నరు, యునెస్కో సాయం జేసింది. అప్పటికి 1998. గని సర్కారు గాలిల వదిలే పర్మిషన్ ఇయ్యకపాయె. గాలి అలలు సర్కారు సొత్తు గాదు, జనం సొత్తు అని 1995లనే సుప్రీంకోర్టు చెప్పింది, ఆ బెంచీల మన తెలుగాయినె జస్టిస్ జీవన్‌రెడ్డి గారు గూడ ఉండె. అయినా ఈ చిన్న సంఘాలకు రేడియో పెట్టుకోండ్రి అని రూల్ మార్చింది 2006లనే. మరి అప్పటిదాక ఏం జేసిన్రు అంటే, క్యాసెట్లల్ల నింపుకొని ఊరూరు తిరిగి సంఘం మీటింగ్‌ల టేప్‌రికార్డర్ పెట్టి వినిపించిన్రు. పదేండ్లు! 2008 అక్టోబర్ 15 నాడు గాలిలకు వచ్చింది. మా నాయినమ్మకైతే ఆ తేదీ పండుగ తీరు యాదికుంటుండె.

హైదరాబాద్‌ల అందదు అక్కా, అది చిన్న ట్రాన్స్‌మిటర్, చుట్టుపక్కల ఊర్లకే. గని ఆ ఆడోళ్లే కెమెరాలు పట్టుకొని తీసిన ఫిల్ములు ఉన్నయ్. "డీడీఎస్", "కమ్యూనిటీ మీడియా ట్రస్ట్" అని కొట్టి చూడు. డీడీఎస్‌ను నిలవెట్టినాయినె పి.వి. సతీష్ సారు మొదట దూరదర్శన్‌ల చేసి వచ్చిండు, 2023ల పోయిండు. ఆయినె పేరుతోని వెతికినా దొరుకుతయ్. నేను చెప్పేది అదే, విషయం పేరు కొడితే చెత్త వస్తది, తీసినోళ్ల పేరు కొట్టు.

ఇంకోటి, సంక్రాంతి సుట్టూ పాత పంటల జాతర జేస్తరు. ఎడ్లబండ్లల్ల ఇత్తనాలు పెట్టుకొని ఊరూరు తిరుగుతరు, డప్పులు, పాటలు. మీ అమ్మను తోల్కరా. కండ్లు లేకున్నా ఏం గాదు, ఆ గింజలు చేతిల పోసుకుంటే తెలుస్తది ఏందో. నేను వస్త తోలుకపోనీకి, జహీరాబాద్ బస్టాండ్‌ల దిగుండ్రి.

ఎడిసన్ పిన్ని:

లంకపిల్లా, నేను న్యూజెర్సీలో నర్సుని. పన్నెండు గంటల నైట్ షిఫ్టు, పోను రాను కారులో గంటన్నర. పదిహేనేళ్లుగా ఆ గంటన్నర రేడియోతోనే. కాబట్టి ఇంగ్లీషు సంగతి నాకొదిలెయ్.

మొదటిది, బీబీసీ వరల్డ్ సర్వీస్ "విట్‌నెస్ హిస్టరీ". ఒక్కోటి పది నిమిషాల లోపే. ఏదో ఒక సంఘటన జరిగినప్పుడు అక్కడ ఉన్న మనిషే వచ్చి చెప్తాడు. డాక్టర్లు, నర్సులు, జబ్బు పడి లేచినవాళ్లు, ఏదో కనిపెట్టినవాళ్లు. నీకు సరిపడేది ఇదే, ఎందుకంటే పది నిమిషాలైతే నువ్వు ఆపి ఆపి తెలుగులో చెప్పినా అరగంటలో అయిపోతుంది. ఎపిసోడ్లు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు కూడా.

రెండోది "స్టోరీకోర్". 2003లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో చిన్న గది పెట్టి మొదలెట్టారు. తెలిసిన ఇద్దరు మనుషులు, తండ్రీ కూతురో, మొగుడూ పెళ్లామో, నలభై నిమిషాలు ఒకళ్లనొకళ్లు అడుక్కుంటారు. ఒక కాపీ వాళ్లకిస్తారు, ఒకటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దాస్తారు. రేడియోలో వచ్చే ముక్కలు మూడు నాలుగు నిమిషాలే. నేను ఒకసారి పార్కింగ్‌లో కారాపి ఏడ్చి షిఫ్టుకి లేటయ్యాను. మీ అమ్మనీ ఇలా రికార్డు చేయకూడదూ? ఫోన్ చాలు. అంతమందికి పురుళ్లు పోసిన మనిషి!

మూడోది సినిమాలు. బ్రిటన్‌లో 1964లో ఏడేళ్ల పిల్లల్ని 14 మందిని పట్టుకుని "సెవెన్ అప్" అని తీశారు. గొప్పింటి పిల్లలు, పేదింటి పిల్లలు, అనాథాశ్రమంలో పిల్లలు. అక్కణ్ణుంచి ఏడేళ్లకోసారి వెళ్లి మళ్లీ మాట్లాడించారు. 14, 21, 28, అలా 63 దాకా. 2019లో వచ్చింది "63 అప్". మొదట్లో పిల్లల్ని ఎంపిక చేసిన కుర్రాడు మైఖేల్ ఆప్టెడ్ తర్వాత అన్నీ తనే తీసి, 2021లో పోయాడు. అందులో అంతా మాటలే, బొమ్మ చూడకపోయినా కథ తెలుస్తుంది.

చావు గురించి వినడానికి అమ్మకి ఇబ్బంది లేకపోతే, ఇక్కడి టీవీలో డాక్యుమెంటరీలు వేసే "ఫ్రంట్‌లైన్" వాళ్లు 2015లో అతుల్ గవాండేతో చేసిన "బీయింగ్ మోర్టల్" గంటలోపే ఉంటుంది. ఆయన సర్జను. సొంత తండ్రికి జబ్బు చేస్తే ఏం అడగాలో, ఏం అడగకూడదో తనకే తెలీలేదని చెప్తాడు. మా మామగారి ఆఖరి నెలలో నేను అది రెండుసార్లు చూశాను, తర్వాతే డాక్టర్ని అడగాల్సినవి అడగగలిగాను. అలాగే కేరళలో నొప్పి తగ్గించే వైద్యం కోసం జీవితమంతా కొట్లాడిన డాక్టర్ ఎమ్.ఆర్. రాజగోపాల్ మీద "హిప్పోక్రాటిక్" అని ఒక డాక్యుమెంటరీ వచ్చింది. మన ఆస్పత్రులు, మన చుట్టాలు, అందుకని అమ్మకి అది ఇంకా దగ్గరగా ఉంటుంది. అమెరికాలో ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే, మీ ఊరి లైబ్రరీ కార్డుతో "కనోపీ" అనే సినిమాల యాప్ ఉచితంగా వస్తుందేమో చూడండి. లైబ్రరీ కార్డు అంటే పిల్లల బొమ్మల పుస్తకాలకే అనుకుని నేను ఆరేళ్లు దండగ చేశాను.

తెలుగులో కావాలంటే కాలిఫోర్నియా నుంచి కిరణ్‌ప్రభ గారి టాక్ షోలు ఉన్నాయి, ఎక్కువగా జీవిత చరిత్రలు. మాట నిదానం, అరుపుల్లేవు, వెనక మ్యూజిక్ దరువు లేదు. మా అత్తగారు బీన్స్ తుంచుకుంటూ రోజుకొకటి పూర్తి చేస్తుంది. కథలు, రచయితలతో మాటామంతీ కావాలంటే "హర్షణీయం" పాడ్‌కాస్ట్. జర్నలిస్టు పి. సాయినాథ్ 2014లో మొదలెట్టిన "పరి" వెబ్‌సైట్‌లో పల్లెల కథలు తెలుగులోనూ ఉన్నాయి. అవి చదువుకునేవి గానీ ఫోన్ చేత చదివించొచ్చు. అందులోనే మహారాష్ట్ర ఆడవాళ్ల తిరగలి పాటలు లక్షకి పైగా పోగేశారు. మరాఠీ రాకపోయినా పెట్టు, అమ్మ తిరగలి తిప్పే ఉంటుంది కదా.

లంకపిల్ల:

మూడు వారాలైంది. అందరికీ ఒక్కసారే జవాబు.

కారవాన్ వచ్చింది, బొట్టుబిళ్ల అంటింది. మొదటి రోజు అమ్మ ఆఫ్ బటన్‌కి కూడా ఇంకోటి అంటించమంది. "మొదలెట్టడం కంటే ఆపడం ముఖ్యం" అట, బియ్యం డబ్బా గుర్తుందిగా. పెన్‌డ్రైవ్‌లో 41 ఎక్కించాను. కిరణ్‌ప్రభ గారివి అన్నిటికంటే ఎక్కువ సాగుతున్నాయి. తిరగలి పాటలు పెడితే ఏమీ మాట్లాడలేదు, మూడో పాటకి కుడిచెయ్యి ఒళ్లో గుండ్రంగా తిరగడం చూశాను. తర్వాత "ఆవిడకి గింజ ఎక్కువ పోసే అలవాటుంది, రాయి బరువుగా తిరుగుతోంది" అంది. నాకు వింటే పాటే వినపడింది, రాయి వినపడలేదు.

పని చేయనివీ చెప్పాలి. బీబీసీ పది నిమిషాలది తెలుగులో చెప్పబోయి నేను గంట తీసుకున్నాను. ఆపిన ప్రతిసారీ అమ్మ అడ్డు ప్రశ్నలు. పోలియో మీద ఒకటి విన్నాం. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో, హౌరాలో, అని నేను చెప్తే, "నాకెందుకు తెలీదూ, రిటైరయ్యాక కూడా ఆదివారం చుక్కలెయ్యడానికి పిలిచేవారు" అని తన పోలియో బూత్ కథ మొదలెట్టింది. రేడియో అక్కడే ఆగిపోయింది. సరే, అదీ మంచిదే.

పిన్నిగారూ, ఆ బ్రిటన్ పిల్లల సినిమాలు శనివారం రాత్రుళ్లు వింటున్నాం, 35 ఏళ్ల దాకా వచ్చాం. లండన్లో టోనీ అని ఒకడు ఉన్నాడు కదా, ఏడేళ్లప్పుడు గుర్రప్పందేల్లో జాకీ అవుతానంటాడు, తర్వాత టాక్సీ తోలతాడు. ఆ టోనీ ప్రతి సినిమాలో నోరు విప్పగానే, నేను పేరు చెప్పకముందే, అమ్మ "గుర్రాలోడు వచ్చాడు" అంటుంది. గొంతు మారినా నవ్వు మారలేదట. నేను మాత్రం మొహం చూసి కూడా ఒకసారి పోల్చుకోలేదు.

రికార్డు చేద్దామంటే మాత్రం కుదర్లేదండీ. ఫోన్ బల్ల మీద పెట్టి "చెప్పమ్మా, నీ మొదటి పురుడు" అన్నాను. ఫోన్‌ని అటు తోసేసింది. "చెప్తే పేర్లొస్తాయి. ఎవరింట్లో ఏ రాత్రి ఏం జరిగిందో బయట పెట్టనని నమ్మి కదా తలుపు తీసేవారు నాకు. నీ ఫోన్లో పెట్టుకుని నువ్వేం చేస్తావో నాకేం తెలుసు" అంది. మళ్లీ అడగలేదు.

పచ్చజొన్న తమ్ముడూ, జనవరిలో వస్తున్నాం. ఎడ్లబండి ఎక్కించగలవా లేదా అని ఆవిడ ప్రశ్న. నడుం నొప్పి సంగతి నేను గుర్తు చేస్తే వినట్లేదు.

స్పూల్‌టేపు గారూ, మీరు చెప్పినట్టే డ్యూటీ రూముకి ఫోన్ చేశాను. ఎత్తినాయన నిజంగానే సంతోషపడ్డారు. అన్ని టైములూ రాయించారు, అమ్మ ఎక్కడ పనిచేసిందని కూడా అడిగారు. దాని ఫలితం ఏమిటో వినండి. పోయిన గురువారం ఒక కేంద్రంలో డాక్టరుగారితో ఫోన్-ఇన్, పిల్లల విరేచనాల మీద. డాక్టరుగారు "ఓఆర్ఎస్ తాగించండి" అని చెప్పి తర్వాతి కాలర్‌కి వెళ్లిపోయారు. అమ్మ కుర్చీలోంచి లేచింది. "ఎన్ని నీళ్లో చెప్పడే! ఎన్ని నీళ్లో చెప్పకపోతే గ్లాసుకి చిటికెడు వేస్తారు, పాకెట్టు వారం దాచుకుంటారు, పిల్లాడు నీరసించిపోతాడు" అని ఒకటే గోల. నా చేత నంబరు కొట్టించింది. పదకొండుసార్లు ఎంగేజ్. పన్నెండోసారి దొరికింది.

అనౌన్సరమ్మాయి "అమ్మా, మీ రేడియో సౌండు తగ్గించండి" అంది. అమ్మ బొట్టుబిళ్ల వెతికి నొక్కింది. తర్వాత, పేరు, ఊరు చెప్పి, "ప్రశ్నేం లేదమ్మా, డాక్టరుగారు ఒకటి మర్చిపోయారు. పెద్ద పాకెట్టయితే మొత్తం ఒక్కసారే లీటరు నీళ్లలో కలపాలి, కాచి చల్లార్చిన నీళ్లు. సగం సగం కలపకూడదు. ఇరవై నాలుగ్గంటలు దాటితే మిగిలింది పారబొయ్యాలి. చెంచా చెంచాగా పట్టాలి, గటగటా తాగిస్తే కక్కేస్తాడు" అని టీకాల రోజు అరుగు మీద నిలబడి చెప్పినట్టే చెప్పింది. డాక్టరుగారు మంచివాడు, "నిజమేనమ్మా, థాంక్స్, మీరు నర్సా?" అన్నారు. "ఏఎన్‌ఎమ్‌ని" అని చెప్పి ఫోన్ నా చేతికిచ్చింది.

వచ్చే గురువారం టీకాల మీదట. కేంద్రం నంబరు బటన్ల ఫోన్లో స్పీడ్ డయల్ రెండుకి పెట్టించుకుంది. ఒకటికి ప్రస్తుతానికి నేనే ఉన్నాను.